తెల్లమాత్ర

ల్యాబు, రెండో అంతస్తు
సోమవారం, నవంబరు 6

అక్కా,

క్షేమంగా చేరాను. బస్సు గంట ఆలస్యం, అంతకుమించి విశేషం లేదు. నువ్వు కుట్టిన తెరలు కిటికీకి అతికినట్టు సరిపోయాయి. ఎదురింటావిడ అప్పుడే ఎక్కడ కుట్టించావని ఆరా తీసింది. మీ ఊరి పేరు మాత్రం చెప్పి ఊరుకున్నాను. నీ సంగతి చెబితే ఇంట్లో ఉన్న బట్టంతా మూటగట్టి నీ మీదికి తోలుతుంది.

ఒక మాట అడుగుతాను, విసుక్కోకు. ఒంట్లో ఎలా ఉంది? రోజుకు రెండుసార్లు జ్వరం చూసుకో. ఎక్కువ వద్దు, గొంతు కాస్త గరగరలాడినా చాలు, వెంటనే కిడ్నీ డాక్టరు దగ్గరికి వెళ్లు. ఈ ఏడు తిరుగుతున్న దగ్గుజ్వరం మంచిది కాదు. మాకు రోజుకు నలభై రక్తం గొట్టాలు వచ్చేవి, ఇప్పుడు తొంభై దాటుతున్నాయి. కొన్నాళ్లపాటు బట్టలకు కొలతలు ఇచ్చేవాళ్లను లోపలికి రానివ్వకు. గుమ్మంలోనే మాట్లాడి పంపించు.

ఎందుకీ కంగారు అంటావు. ఊరికే. రెండు రోజులు నీ పక్కనే పడుకుని, నీ దుప్పటే కప్పుకుని వచ్చాను కదా, బెంగగా ఉంది. నాకేం లేదు. ప్రయాణం బడలిక, అంతే.

మీ ఊరి ఆసుపత్రి నుంచి రోజూ ఐసు పెట్టెలో గొట్టాలు తెచ్చే వ్యాను డ్రైవరు తాత చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను. ఖాళీ పెట్టెతో తిరిగి వెళ్లేటప్పుడు బావకు బస్సు డిపోలో ఇస్తానన్నాడు. నువ్వూ ఆయనకే ఇచ్చి పంపు, పోస్టుకంటే నయం.

జ్వరం చూసుకోవడం మరవకు.

చెల్లెలు

*

ఇల్లు, కుట్టుమిషను పక్కన
గురువారం, నవంబరు 9

గొట్టాల పిల్లా,

రెండేళ్ల కిందట నీ కిడ్నీ తీసుకున్నమాట నిజమే. దాంతోపాటు నీ భయాలు కూడా నన్నే మోయమంటే ఎలాగే? నీ ఉత్తరం చదివి మీ బావ థర్మామీటరు పట్టుకుని నా వెనకాలే తిరుగుతున్నాడు. కత్తెర వెతుక్కుంటుంటే నోట్లో పెట్టేశాడు. కస్టమరు ముందు!

నీ సహాయ కణాల సంగతి ఆయనకు చెప్పాను, నువ్వు చెప్పినట్టే. వైరసు ఊపిరితిత్తుల్లో చొరబడగానే ఈ కణాలు పసిగడతాయి, కానీ తమంతట తాము ఎవరినీ కొట్టవు. కొట్టే కణాలను పిలుస్తాయి, ప్రతిరక్షకాలు తయారుచేసే కణాలను తట్టి పనిలో పెడతాయి. ఇదంతా విని ఆయన ఏమన్నాడో తెలుసా? "అంటే మీ పెద్దత్త అన్నమాట. చెంబు కూడా ఎత్తదు, కానీ ఆవిడ అరవకపోతే ఇంట్లో ఒక్క పని కదలదు" అన్నాడు. నవ్వలేక చచ్చాను. అప్పట్నుంచి మా ఇంట్లో వాటి పేరు అత్తలు.

నేను మింగే మాత్రలు ఆ అత్తలను జోకొట్టి పడుకోబెడతాయి కదా. లేకపోతే నీ కిడ్నీని చూసి, ఇదెవరిదీ, మన ఇంటిది కాదే అని రభస మొదలెడతారు. ఇప్పటికి రెండేళ్లు, ఒక్క పూట మాత్ర తప్పలేదు. నీ కిడ్నీ మహారాణిలా ఉంది.

గొంతు కొంచెం గరగరలాడుతోంది. జ్వరం నూరు, అంతే. అదిగో, అప్పుడే నీ మొహం మారిపోయుంటుంది. మీ బావ బస్సులో దగ్గేవాళ్లే దగ్గేవాళ్లు. కండక్టరన్నాక ప్రతివాడి మొహంలో మొహం పెట్టి టికెట్టు కొట్టాలి. ఆయనే మోసుకొచ్చి ఉంటాడు. ఆయనకు మాత్రం చీమ కుట్టినంత కూడా లేదు!

మీ అక్క

*

ల్యాబు
శుక్రవారం, నవంబరు 10

అక్కా,

కుట్టు ఆపెయ్. ఈ ఉత్తరం చదవడం పూర్తికాగానే ఆసుపత్రికి వెళ్లు. సాయంత్రం వెళ్తాను, రేపు వెళ్తాను అనకు.

మామూలు మనిషికి నూరు జ్వరమంటే ఒక రోజు పడక. నీకు అలా కాదు. నీ అత్తలు నిద్రలో ఉన్నారు. వైరసు లోపల ఎంత పెరిగినా నీకు పెద్దగా జ్వరం రాదు, ఎందుకంటే జ్వరం తెప్పించే రభస చేసేవాళ్లే లేరు. నీకు తేలిగ్గా ఉందంటేనే నాకు ఎక్కువ భయం.

బావను ఏమీ అనకు. ఎవరి నుంచి వచ్చిందో ఎవరికి తెలుసు.

వెళ్లావని ఒక్క ముక్క రాయి.

చెల్లెలు

*

ఆసుపత్రి, ఛాతీ వార్డు, కిటికీ పక్క మంచం
సోమవారం, నవంబరు 13

చెల్లీ,

శుక్రవారం సాయంత్రమే చేర్చుకున్నారు. నీ ఉత్తరం చేతిలో ఉండగానే మెట్లు ఎక్కుతూ ఆగిపోయాను. ఎనిమిది మెట్లు. ఏడో దానిమీద కూర్చుండిపోయాను.

ముక్కుకు ఆక్సిజన్ పెట్టారు. మాట్లాడితే దగ్గు తెర ఆగడం లేదని నర్సమ్మ నోరు కట్టేసింది. అందుకే ఫోను దగ్గరికి తీసుకెళ్లరు. రాసుకోమని అట్ట, పెన్సిలు ఇచ్చింది. ఈ వార్డు నుంచి కాగితం బయటికి పోవాలంటే ఆయా దాన్ని ఇస్త్రీ చేసి పంపిస్తుంది, పురుగు చచ్చిపోతుందట. కాబట్టి నా ఉత్తరాలు ఇకమీద మడత నలగకుండా వస్తాయి. దర్జీదాని ఉత్తరాలు, మరి ఆమాత్రం ఉండొద్దూ.

ఇక్కడ నాకు పేరు లేదు. నా రక్తం గొట్టం మీద నలభై ఒకటి అని అంటించారు. ఆ గొట్టాలు మీ ల్యాబుకే వస్తాయట. చూడకూడదని తెలుసులే, ఊరికే చెబుతున్నాను.

శనివారం ఇద్దరు డాక్టర్లు నా కాళ్ల దగ్గర నిలబడి వాదించుకున్నారు. ఛాతీ డాక్టరు, "మాత్రలు తగ్గించకపోతే ఈమె ఒళ్లు వైరసుతో పోట్లాడదండీ" అంటాడు. కిడ్నీ డాక్టరు, "తగ్గిస్తే ఆ కణాలే లేచి కిడ్నీ మీద పడతాయి కదండీ" అంటాడు. నేను ఒకళ్ల తర్వాత ఒకళ్ల మొహం చూస్తూ పడుకున్నాను. చివరికి కిడ్నీ డాక్టరే నా దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. "ముందు ఊపిరి, తర్వాతే కిడ్నీ. తెల్లమాత్ర ఇవాళ్టి నుంచి ఆపుతున్నాం. పసుపుది ఉంచుతాం" అన్నాడు. తెల్లదే అత్తలను గాఢంగా పడుకోబెట్టేది.

మీ బావ గాజు తలుపు అవతల నిలబడి ఉంటాడు. లోపలికి రానివ్వరు. మొదటిరోజు కోపంలో, "మీరే తెచ్చి నాకంటించారు" అని చీటీ రాసి గాజుకు ఆనించి చూపించాను. అప్పట్నుంచి మనిషి తిండి మానేశాడని పక్కింటివాళ్లు నర్సమ్మతో చెప్పారట. ఆ మాట రాయకుండా ఉండాల్సింది. కానీ భయంగా ఉంది చెల్లీ, భయం వేస్తే ఎవరో ఒకరిని అనాలనిపిస్తుంది.

అక్క

*

ల్యాబు
మంగళవారం, నవంబరు 14

అక్కా,

తెల్లమాత్ర ఆపారంటే నాకు ప్రాణం లేచొచ్చింది. ఆపడమే సరి. నీకు తెలిసేలా రాస్తాను, ధైర్యంగా ఉంటుంది.

ఇప్పుడు నీ ఊపిరితిత్తుల్లో వైరసు ముక్కలను ఏరుకుని కొన్ని కణాలు గొంతు పక్కన, ఛాతీలో ఉండే గ్రంథుల దగ్గరికి పరుగెడుతున్నాయి, ఇదిగో దొంగ అని అత్తలకు చూపించడానికి. వాళ్లు నిద్రలో ఉంటే ఎంత చూపించినా లాభం లేదు. మాత్ర ఆగితే నాలుగైదు రోజుల్లో ఒక్కొక్కరే లేస్తారు. లేచినవాళ్లు ఒకరు పదిమంది అవుతారు, పదిమంది వెయ్యి అవుతారు. కొందరు అక్కడే ఉండి ప్రతిరక్షకాలు చేసేవాళ్లకు పని పురమాయిస్తారు. కొందరు నేరుగా ఊపిరితిత్తుల్లోకి దిగుతారు. అప్పుడు నీకు జ్వరం పెరుగుతుంది. భయపడకు, పెరగాలి. ఆ జ్వరం కోసమే నేను ఎదురుచూస్తున్నాను.

నిజంగా ఆపావు కదూ? ఒక్క పూట కూడా మింగకు.

బావ తిండి మానేయడం ఏమిటి? ఆయన తప్పేమీ లేదని చీటీ రాసి గాజుకు పెట్టు. నామాట విని ఇవాళే రాయి.

చెల్లెలు

*

ఛాతీ వార్డు
శుక్రవారం, నవంబరు 17

చెల్లీ,

ఆపాను. ఎన్నిసార్లు అడుగుతావు.

నిన్న మధ్యాహ్నం ఒళ్లు తుడవడానికి ఆక్సిజన్ గొట్టం తీశారు. రెండు నిమిషాలే. గాలి లోపలికి వస్తోంది, కానీ చాలడం లేదు. నోరు తెరిచి ఎంత పీల్చినా గొంతు దగ్గరే ఆగిపోతోంది. కిటికీ అవతల ఎవరో సైకిలు తుడుచుకుంటూ ఈల వేస్తున్నాడు. వాడికి ఈలకు కూడా ఊపిరి ఉందే అనిపించింది. చచ్చిపోతాను అనుకున్నాను. ఉత్తినే రాయడం లేదు. ఆయా చెయ్యి పట్టుకుంటే దాని వేళ్లు నలిగిపోయాయి.

పక్క వరుసలో ఒక పెయింటరు ఉన్నాడు. వాళ్లన్న కిడ్నీ అతనికి పెట్టారు. అతనికీ నాతోపాటే తెల్లమాత్ర ఆపారు. మొన్న జ్వరంతో మంచం ఊగిపోయేలా వణికాడు. ఇవాళ లేచి కూర్చుని, గోడలకు వేసిన రంగు బాగోలేదని నర్సమ్మతో తగువు పెట్టుకున్నాడు. నాకు మాత్రం జ్వరం నూరు దాటదు.

బావకు చీటీ రాద్దామనుకున్నాను. రాసే ఓపిక లేదు.

అక్క

*

ల్యాబు
సోమవారం, నవంబరు 20

అక్కా,

చూడకూడని పని చేశాను. నలభై ఒకటో గొట్టం చూశాను. తెలిస్తే నా ఉద్యోగం పోతుంది, పోనీ.

మా మిషను ఒక్కో కణాన్ని వెలుతురు ముందు నుంచి పంపి, తెరమీద ఒక్కో చుక్క పెడుతుంది. నిద్ర లేచిన సహాయ కణాలు కుడివైపు పైమూలకు చేరతాయి. పదో రోజుకు ఈ జబ్బు మనుషుల తెరమీద ఆ మూల చుక్కలతో కిటకిటలాడుతుంది. మీ వార్డునుంచే వచ్చిన ఇంకో కిడ్నీ మనిషి గొట్టం ఉంది, నువ్వు రాసిన పెయింటరే అయ్యుంటాడు. అతని తెర కూడా నిండిపోయింది.

నీ తెరమీద ఆ మూల ఖాళీ. అత్తలు లేకపోవడం కాదు, వరసగా ఉన్నారు, అందరూ పడుకునే ఉన్నారు. మిషను తప్పేమోనని మూడుసార్లు నడిపాను. మూడోసారీ అదే తెర.

మాత్ర ఆపిన మనిషి రక్తం ఇలా ఉండదు. నువ్వు ఆపలేదు. ఇంటినుంచి తెచ్చుకున్నవి మింగుతున్నావు. అవునా, కాదా? తిరకాసు జవాబు రాయకు. రేపటి వ్యానులో నాకు జవాబు కావాలి.

నువ్వేం చేస్తున్నావో తెలుసా అక్కా? వైరసును లోపల పెట్టి తలుపు గడియ వేస్తున్నావు.

చెల్లెలు

*

ఛాతీ వార్డు
మంగళవారం, నవంబరు 21

చెల్లీ,

అవును. మింగుతున్నాను. దిండు గలీబు కుట్టు విప్పి రెండు మాత్రల అట్టలు లోపల పెట్టి మళ్లీ కుట్టాను. నర్సమ్మకు కుట్టు తేడా తెలియదు.

ఆపడానికి మొదటిరోజు ప్రయత్నించాను. మాత్ర వేళకు కడుపులో ఎక్కడో పీకినట్టు అనిపించింది. నీ కిడ్నీ మీద చెయ్యి వేసుకుని పడుకున్నాను. ఇప్పుడే లేస్తారు, ఇప్పుడే దాని మీద పడతారు అనుకుంటూ. సాయంత్రానికి తట్టుకోలేకపోయాను.

నేను చూడలేదనుకున్నావు. మొన్న వచ్చినప్పుడు చెప్పులు వేసుకోవడానికి వంగి, పక్కన చెయ్యి పెట్టుకుని ఆగావు. రెండేళ్లయినా నొప్పి పోలేదు. కిడ్నీ ఇచ్చాక ఆ మూడు నెలలు నువ్వు మంచాన పడి ఉంటే నీకు రావాల్సిన పైపోస్టు ఇంకొకరికి పోయింది. ఒక్కనాడు ఎత్తిచూపలేదు. పెద్దదాన్ని నేను. నీకు నేను పెట్టాలి గానీ, నీ ఒంట్లోది కోయించి తీసుకున్నాను. దాన్ని కూడా పాడుచేసుకుని ఏ మొహం పెట్టుకుని నీ ఎదుట నిలబడను?

ఊపిరి దానంతటదే సర్దుకుంటుందేమో. ఈ జబ్బుతో పడినవాళ్లు ఎంతమంది కోలుకుని లేవడం లేదు. కిడ్నీ పోతే మాత్రం మళ్లీ రాదు.

నర్సమ్మకు చెప్పకు. చెబితే నీతో మాట్లాడను.

రాసేసరికి ఆయాసం వస్తోంది. ఇస్త్రీకి ఇస్తున్నాను.

అక్క

*

ల్యాబు
బుధవారం, నవంబరు 22

అక్కా,

ఇది కూర్చుని చదువు. చదివాక నీ ఇష్టం.

మా దగ్గర ఒక పద్ధతి ఉంది. పొద్దున మిషను సరిగా ఉందో లేదో తెలియడానికి మొదటి గొట్టం ఆరోగ్యంగా ఉన్న మనిషిది నడపాలి. బయటివాళ్లను రోజూ ఎక్కడ తెస్తాం? అందుకని ల్యాబులో ఉన్న ముగ్గురం వంతులేసుకుని మా రక్తమే ఇస్తాం. సోమవారం నా వంతు.

నవంబరు ఆరు సోమవారం. నీ దగ్గర్నుంచి వచ్చిన మర్నాడు. నా గొట్టం నడిపితే సహాయ కణాలు సగానికి సగం లేవు. మిషను పాడైందనుకుని పక్కనున్నావిడ రక్తం తీసి నడిపాను. ఆవిడవి మామూలుగా ఉన్నాయి. నాది మళ్లీ నడిపాను. అవే అంకెలు.

రక్తంలో ఉన్నట్టుండి తగ్గాయంటే చచ్చిపోయాయని కాదు, ఎక్కడో పనిపడి అటు వెళ్లాయని. ఈ కాలంలో ఎక్కడికి వెళ్తాయి, ఊపిరితిత్తుల్లోకే. ఏడాదిగా రోజూ చూస్తున్న సంగతి, నాకు తెలియకపోవడమేమిటి? ఒక్క తుమ్ము లేదు, దగ్గు లేదు, అప్పటికే నా ఒంట్లో వైరసు ఉంది. అంటే శుక్ర, శనివారాల రాత్రులు నీ పక్కన పడుకున్నప్పుడు కూడా ఉంది. రిజిస్టరులో గొట్టం పాడైంది, మళ్లీ తీశాం అని రాసి ఆ రక్తం పారబోశాను. ఆ తర్వాత కూర్చుని నీకు ఉత్తరం రాశాను, నాకేం లేదు, బడలిక అని. మర్నాడు నాకు జలుబు చేసింది. రెండు రోజుల్లో తగ్గిపోయింది.

ఆ సోమవారమే నీకు నిజం రాసి ఉంటే, ఆ మధ్యాహ్నమే నువ్వు డాక్టరు దగ్గర ఉండేదానివి. మందు ముందే మొదలయ్యేది. నీకు మెట్లమీద ఆయాసం వచ్చేదాకా, నాలుగు రోజులు నోరు మూసుకుని కూర్చున్నాను. ఎందుకంటే భయం. నువ్వు చచ్చిపోతావని ఒక భయం, నావల్లే అని తెలుస్తుందని ఇంకో భయం. రెండోదే ఎక్కువగా ఉండింది. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ అదే నిజం.

బావ తేలేదు. నేను తెచ్చాను. నువ్వు ఆయనను అంటే, ఎవరి నుంచి వచ్చిందో ఎవరికి తెలుసు అన్నాను, ఆయన తిండి మానేశాడని నువ్వు రాశాక కూడా నిజం చెప్పకుండా తప్పించుకుని తిరిగాను.

నీకు కిడ్నీ ఇచ్చిన చెల్లెలని నన్ను నెత్తిన పెట్టుకుని ఊపిరాడక చచ్చిపోతున్నావు. ఆ చెల్లెలు ఎవరో చూశావుగా. దాని మొహం చూడలేనేమో అని భయపడకు. అదే నీ మొహం చూడలేకుండా ఉంది.

ఆ దిండు చింపెయ్. నీ కాళ్లు పట్టుకుంటాను. మాత్ర మానెయ్.

నువ్వు నాతో మాట్లాడకపోయినా సరే, నర్సమ్మకు విడిగా చీటీ రాసి ఇదే వ్యానులో పంపుతున్నాను.

చెల్లెలు

*

ఛాతీ వార్డు
శుక్రవారం, నవంబరు 24

నర్సమ్మ వచ్చేసరికి నేనే చింపేశాను. నీమీద కోపంతో మానేశాను, నీ మాట విని కాదు. నాకు రాయకు.

*

ల్యాబు
బుధవారం, నవంబరు 29

అక్కా,

రాయొద్దన్నావు. ఇదొక్కటి.

ఇవాళ నీ గొట్టం వచ్చింది. పైమూల చుక్కలు పడ్డాయి. మొదట పది, ఇరవై, తర్వాత లెక్క మించి. లేచారు అక్కా. తెర ముందు నిలబడి ఏడ్చాను. పక్కనున్నావిడ మిషను పాడైందా అని అడిగింది.

రెండు నిమిషాలకే ఇంకో సంగతి గుర్తొచ్చింది. ఆ చుక్కల్లో వైరసు కోసం లేచినవాళ్లు ఎందరో, కిడ్నీని పరాయిదని చూస్తున్నవాళ్లు ఎందరో మా మిషను చెప్పదు. అన్నీ ఒకే మూలన పడతాయి. ఇన్నాళ్లూ ఏ చుక్కల కోసం దేవుళ్లకు మొక్కానో, ఇప్పుడు వాటినే చూడలేక తెర ఆర్పేశాను. కిడ్నీ పోయినా ఫరవాలేదు అని నేను అనలేను. అనాలని ఉంది. కానీ ఫరవా ఉంది. అది ఉంటే నువ్వు ఉంటావని కదా ఇచ్చాను.

ఆదివారం మీ ఊరు వచ్చాను. వార్డుకు రాలేదు. డిపోలో బావ దగ్గరికి వెళ్లి అంతా చెప్పాను. ఆయన ఆగి ఉన్న బస్సు మెట్టుమీద కూర్చుని టికెట్ల మిషను తిప్పుతూ విన్నాడు. అంతా అయ్యాక, "పొద్దుట్నుంచి ఏమన్నా తిన్నావా నువ్వు?" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. ఇద్దరం డిపో క్యాంటీనులో తిన్నాం. ఆయన రెండుసార్లు పెట్టించుకున్నాడు.

మా మేడమ్‌కు కూడా చెప్పేశాను, రిజిస్టరులో తప్పు రాసింది, నీ గొట్టం చూసింది. రేపట్నుంచి నన్ను మిషను మీదికి రానివ్వరు, పెట్టెలు విప్పి చీటీలు అంటించే పనికి వేశారు. న్యాయమే. కానీ నీ లోపల ఏం జరుగుతోందో ఇక నాకు తెలియదు. నువ్వు రాస్తేనే తెలుస్తుంది.

చెల్లెలు

*

ల్యాబు, కింది అంతస్తు
మంగళవారం, డిసెంబరు 19

అక్కా,

రోజూ వ్యాను తాత పెట్టె దించేటప్పుడు ఆయన చేతులకేసి చూస్తాను. లేదమ్మా అంటాడు. నలభై ఒకటి అంటించిన గొట్టం కూడా వారం నుంచి రావడం లేదు. ఇంటికి పంపేస్తే రావు, ఇంకేమైనా జరిగినా రావు. బావకు ఫోను చేస్తే, "అదే రాస్తానందమ్మా, నన్ను చెప్పొద్దంది" అన్నాడు. గొంతు బట్టి ఏమీ తెలియలేదు.

తెల్లకాగితం ఇస్త్రీ చేసి పంపినా చాలు.

చెల్లెలు

*

ఇల్లు
సోమవారం, జనవరి 29

చెల్లీ,

రెండు నెలలు నిన్ను ఏడిపించాను. కావాలనే చేశాను. కొన్ని రోజులు ఓపిక లేక, మిగతా రోజులు కోపంతో.

మాత్ర మానేసిన ఐదో రోజు జ్వరం నూటమూడు. పళ్లు టకటకా కొట్టుకుంటుంటే, నువ్వు ఎదురుచూసిన జ్వరం ఇదేనేమో అనుకున్నాను. ఛాతీ డాక్టరు సంతోషంగా తల ఊపాడు. నాకు మాత్రం చచ్చేంత భయం. ఆ వారంలో ఆక్సిజన్ తగ్గిస్తూ వచ్చారు. డిసెంబరు పదిన గొట్టం తీసేశారు. వరండా చివరిదాకా నడిచాను, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా. ఊపిరితిత్తుల్లో వైరసు లేదన్నారు.

ఆ మర్నాటి నుంచి కాళ్లు వాచాయి.

నువ్వు తెరమీద ఏం చూసి భయపడ్డావో అదే జరిగింది. కిడ్నీ డాక్టరు నన్ను తన వార్డుకు మార్చుకుని తెల్లమాత్ర మళ్లీ ఇచ్చాడు, నరానికి మందు ఎక్కించాడు, సూదితో ముక్క తీసి పరీక్షకు పంపాడు. మూడు వారాలు చూశారు. ఆయన నా పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నప్పుడే తెలిసిపోయింది. నీ కిడ్నీ పోయింది చెల్లీ. జనవరి ఐదు నుంచి వారానికి మూడుసార్లు ఆసుపత్రికి వెళ్లి రక్తం కడిగించుకుంటున్నాను. నాలుగు గంటలు కదలకుండా పడుకోవాలి. సూది పెట్టే ముందు ఇప్పటికీ కళ్లు మూసుకుంటాను. మీ బావ ఆ మూడు రోజులూ డ్యూటీ మార్చుకుని తలుపు దగ్గర కూర్చుంటాడు. ఆయనను క్షమాపణ అడిగాను. "ఆ చీటీ దాచాను, నీకు కోపమొస్తే ఎంత బాగా రాస్తావో చూపిద్దామని" అన్నాడు.

ఈ మాట నీకు ఎలా రాయాలో తెలియక ఇన్నాళ్లు ఆగాను. నాలుగు రోజులు నువ్వు నోరు మూసుకున్నావని నిన్ను తిట్టుకుంటూనే, అదే భయంతో నేను ఇరవై నాలుగు రోజులు మూసుకున్నాను.

మళ్లీ ఎవరిదైనా దొరికేదాకా ఇంతే అన్నారు. దొరక్కపోవచ్చు. పొద్దున లేవగానే ఆ భయమే ముందు లేస్తుంది. నీ దగ్గర దాచను.

ఒకటి స్పష్టంగా విను. జబ్బు తెచ్చినందుకు నాకు నీమీద కోపం లేదు. దగ్గు తుమ్ము లేనిదానివి, నీకేం తెలుసు. కిడ్నీ పోయినందుకు కూడా లేదు. తెలిసి కూడా చెప్పకుండా, బడలిక అని రాశావు చూడు, అందుకు ఉంది. బోలెడంత ఉంది. అది ఉత్తరంలో రాస్తే తీరదు.

ఆదివారం రా. వచ్చి నా ఎదురుగా కూర్చో. నవంబరులో నాలుగు మాటలకు ఆయాసం వచ్చేది. ఇప్పుడు గంటసేపు ఆగకుండా తిట్టగలను.

అక్క